పిలుపు రాని పక్షాలు

మా నాన్నగారు పోయినవాళ్ళ తరఫున భోంచేసేవారు. నవ్వకండి, నిజంగానే అది ఆయన వృత్తి. కోనసీమలో మా చుట్టుపక్కల పది పన్నెండు ఊళ్ళలో ఎవరింట్లో తద్దినం వచ్చినా, భోక్తగా కూర్చోవడానికి ముందు గోపాలకృష్ణమూర్తిగారికే కబురొచ్చేది. ఇంటాయన కాళ్ళు కడిగి, పీట వేసి, తన తండ్రో తాతో వచ్చి కూర్చున్నాడనుకుని వడ్డిస్తాడు. ఆ కాసేపూ భోక్త తను కాదు, ఆ ఇంట్లోంచి పోయిన మనిషి. భోజనం ఆఖరున 'తృప్తాః స్థ' అని అడుగుతారు, తృప్తి పడ్డారా అని. దానికి 'తృప్తాః స్మః' అనాలి. తక్కిన భోక్తలు ఆ మాట గొణిగేసి చెయ్యి కడుక్కునేవారు. నాన్నగారు చెబితే కడుపు నిండిన మనిషి చెప్పినట్టే ఉండేది. అది విని ఆ ఇంటి ఆడవాళ్ళు కళ్ళొత్తుకోవడం చిన్నప్పుడు నేను చాలాసార్లు చూశాను.

నేను అమలాపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్ని. అడిగినా అడక్కపోయినా పాఠం చెప్పే జబ్బు నాకుంది. రెండేళ్ళ కిందటి భాద్రపదంలో మా ఇంట్లో జరిగిన దాంట్లో సగం ఆ జబ్బు వల్లే జరిగింది. మిగతా సగం సుగరు వల్ల.

శ్రావణమాసం మధ్యలో నాన్నగారి కుడికాలి బొటనవేలి కింద పుండు లేచింది. ఎవరికీ చెప్పకుండా పసుపు అద్దుకుంటూ రెండు వారాలు తిరిగారు. బట్టలు ఉతుకుతుంటే అమ్మకి పంచె అంచున చీము మరక కనబడింది. అప్పుడు అమలాపురం తీసుకెళ్ళాను. డాక్టరు తేజస్విగారు పిన్న వయసు ఆవిడ, మాట మెత్తన. రిపోర్టు చూసి ఆ మెత్తని మాటతోనే చెప్పింది.

"మూడు నెలల సుగరు సగటు పదకొండు దగ్గరుందండి. సూది మొదలుపెడదాం. నెల రోజులు చూస్తాను. ఈలోపు సుగరు దిగి పుండు మానితే సరేసరి. లేకపోతే వేలు తీసేయాలండి. దాన్నీ అశ్రద్ధ చేస్తే పాదం దాకా వస్తుంది."

నాన్నగారు తలూపారు. "పక్షాలు వెళ్ళిపోనివ్వండమ్మా. ఆ పదిహేను రోజులూ నాకు ఖాళీ ఉండదు."

భాద్రపదంలో పౌర్ణమి వెళ్ళిన మర్నాటి నుంచి అమావాస్య దాకా మహాలయ పక్షాలు. పోయినవాళ్ళంతా ఆకలితో వాకిట్లోకి వచ్చి నిలబడతారని నమ్మకం. నాన్నగారికి ఏడాది పొడుగునా దొరికే భోజనాలు ఒక ఎత్తు, ఆ పదిహేను రోజులూ ఒక ఎత్తు.

"మా ఇంట్లోనూ పెడతామండి, నాకు తెలుసు" అంది డాక్టరు. "అందుకే చెప్తున్నాను. ఈ ఏడు మీరు కూచోకండి." నా వైపు తిరిగి, "సూది తినేముందే వెయ్యాలి సర్. తినకపోతే సూది వద్దు. అది మాత్రం మర్చిపోకండి" అంది. నేనెందుకు మర్చిపోతాను, ఇన్సులిన్ పాఠం ఏటా రెండు సెక్షన్లకి చెప్పేవాణ్ణి.

ఆ సాయంత్రం అమ్మ గోధుమరవ్వ ఉప్మా పెట్టింది. నాన్నగారు దాన్ని చుట్టమో కాదో తేల్చుకోలేని మనిషిని చూసినట్టు చూస్తూ కూర్చున్నారు. అదే అదనుగా నేను పాఠం మొదలెట్టాను.

"నాన్నగారూ, మన ఒళ్ళు ఇవాల్టిది కాదండి. లక్షల ఏళ్ళ నాటిది. అప్పుడు మనిషికి రోజూ తిండి దొరికేది కాదు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నడిస్తే నాలుగు దుంపలు దొరికేవి. దొరికిన రోజున ఒళ్ళు కాస్త దాచుకునేది, దొరకని రోజుకి. అలా దాచుకోవడం చేతనైనవాడే బతికాడు. వాడి పిల్లల పిల్లలమే మనం. అలాంటి ఒంట్లో రోజూ గారెలూ పరమాన్నం పడేసి, కాలు కదపకుండా కూచుంటే దానికేం తెలుస్తుంది? రేపు కరువొస్తుందని దాస్తూనే ఉంటుంది. ఆ కరువు రాదు. అదే మీ సుగరు."

"లక్షల ఏళ్ళ కిందటి సంగతి నీకెలా తెలుసురా?"

"అంత దూరం ఎందుకండి? ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నూట డెబ్బై ఏళ్ళే కదా అయింది. దానికి ముందు ఈ నేల మీదే ఎన్ని కరువులు! డొక్కల కరువులో మనవాళ్ళు ఇంటికిద్దరు చొప్పున పోయారని మీరే చెప్పేవారు."

నాన్నగారు ఉప్మా పళ్ళెం పక్కకి జరిపారు. "అంటే మా పైవాళ్ళంతా తిండికి మొహం వాచి పోయారంటావు."

"అంతే కదండీ మరి."

"నేను ఆకు ముందు కూచునేది వాళ్ళ తరఫునేరా అబ్బాయీ. అంత ఆకలితో పోయినవాళ్ళకి పెట్టొద్దని ఎలా చెప్పను?"

వంటింట్లోంచి అమ్మ ఫక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. సైన్సు చెప్పి ఓడిపోవడం ఎంత చిరాకో పాఠాలు చెప్పేవాడికే తెలుస్తుంది. ఆయన మాట వినరు, కాబట్టి మాట వినేవాళ్ళకే చెప్పాలనుకున్నాను.

దేవుడి గది పక్కన గోడ క్యాలెండర్లో నాన్నగారు ఏ తిథికి ఎవరిల్లో రాసుకునేవారు. వాటిని నా ఫోన్లో ఫొటో తీసుకుని, మర్నాడు కాలేజీలో లీజరు పీరియడ్‌లో కూర్చుని ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేశాను. "నాన్నగారికి సుగరు బాగా ఎక్కువైందండి. కాలికి పుండు కూడా లేచింది. ఆయన మా మాట వినరు. మీరే ఆకులో సగం వడ్డించండి, మారు వడ్డించకండి. నేను చెప్పినట్టు మాత్రం ఆయనకి తెలియనివ్వకండి." పదకొండు ఇళ్ళు. పదకొండు ఇళ్ళవాళ్ళూ, "అయ్యో పాపం, అలాగేనండి, చెప్పి మంచిపని చేశారు" అన్నారు. ఇంత తేలిగ్గా పనైపోయిందా అనిపించింది. ఆ పూట స్టాఫ్‌రూములో అందరికీ నేనే టీ తాగించాను.

రెండో రోజు నుంచి నాన్నగారికి ఫోన్లు రావడం మొదలైంది. ఒకాయన ఈ ఏడు కాశీలో పెట్టుకుంటున్నామన్నాడు. ఇంకొకాయన భార్యకి ఒంట్లో బాగాలేదు, వండేవాళ్ళు లేరు, భోజనానికి బదులు బియ్యం, కూరలు ఇచ్చేస్తున్నామన్నాడు. ఇంకొకాయన ఏ కారణమూ చెప్పలేక, "అలా అనుకున్నామండి" అని పెట్టేశాడు. నాన్నగారు ప్రతివాడికీ "శుభం, శుభం" అంటూ క్యాలెండర్లో ఆ పేరు మీద అడ్డగీత గీసేవారు. నేను పక్క గదిలో కూర్చుని గీతలు లెక్కపెట్టుకున్నాను. వారం తిరక్కుండా పదకొండూ పోయాయి.

నాకు అర్థం కావడానికి టైము పట్టింది. పుండు అన్న మాట నేను అనకుండా ఉండాల్సింది. ఒంటి మీద గాయం ఉన్నవాడు భోక్తగా పనికిరాడని కొందరి పట్టింపు. అసలు పెద్ద సంగతి అది కాదు. సగం తిని చాలనే భోక్త ఎవరికి కావాలి? వాళ్ళు పెట్టేది నాన్నగారికి కాదు, వాళ్ళ నాన్నకి. వాళ్ళ నాన్నని అర్ధాకలితో పంపమని నేను ఫోన్ చేసి మరీ చెప్పాను.

పక్షాలు మొదలయ్యాయి. నాన్నగారు రోజూ తెల్లవారకుండానే స్నానం చేసి, మడి పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని వీధి అరుగు మీద కూర్చునేవారు. భోక్త పొద్దున్న ఏమీ తినకూడదు. ఎవరో ఒకరికి చివరి నిమిషంలో మనిషి తక్కువై పరుగెత్తుకొస్తే, అప్పటికి ఎంగిలి పడి ఉంటే ఎలా అని ఆయన బాధ. మంచినీళ్ళు కూడా తాగేవారు కాదు. ఒంటిగంట దాటాక, ఇంక పిలిచే వేళ దాటిపోయిందని లేచి లోపలికొచ్చేవారు. కాలేజీ ఉన్న రోజుల్లో సూది అమ్మ వేసేది. సెలవైతే నేను వేసేవాణ్ణి. అన్నం రెండు గరిటెలు, పెసరకట్టు, మజ్జిగ. ఆయన పెట్టినంతే తినేవారు. సుగరు దిగుతోంది. మిషన్లో అంకెలు చూసి నేను సంతోషించాలి. సంతోషించలేకపోయాను.

సప్తమినాడు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. పక్కవీధి హైమ టీచరుగారు, నేను ఫోన్ చేసిన ఇళ్ళలో ఆవిడదీ ఒకటి, గుళ్ళో కలిసి చెప్పేసిందట.

"నువ్వే ఫోన్లు చేశావా?"

"ఆయన వేలు పోతుందమ్మా."

"వేలు పోతే కుంటుకుంటూ వెళ్తారు. ఇది పోతే పొద్దున్నే ఎందుకు లేవాలిరా ఆయన?" అమ్మ పొయ్యి మీద పాలు చూస్తూ అంది, నా మొహం చూడలేదు. "ఏం తప్పు చేశానో అని నిన్న నన్నడిగారు. ఎవరింట్లోనైనా నోరు జారానా లలితా, అని. నలభై ఏళ్ళలో ఆయన నన్ను అలాంటి మాట అడగలేదు."

"చెప్పేయనా అమ్మా?"

"చెప్పి ఏం చేస్తావు? పక్షాలు వెళ్ళిపోనీ" అంది. నాకూ అదే కావాలి. పిరికివాడికి ఎవరైనా ఆగమంటే చాలు. ఆగిపోయాను.

ద్వాదశి ఆదివారం పడింది. నేనింట్లోనే ఉన్నాను. పదకొండు కాకుండానే అరుగు మీదికి వెళ్ళి, "ఇంకెవరూ రారు నాన్నగారూ, ఎందుకు కడుపు మాడ్చుకోవడం? లేవండి" అన్నాను. ఆయన వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఓసారి చూసి లేచారు. నేనే సూది వేశాను. అమ్మ పీట వేసి ఆకు పరిచి, పొయ్యి మీది అన్నం వార్చడానికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడు వాకిట్లో మోటార్‌సైకిలు ఆగింది.

వచ్చింది కాలవ అవతల ఊరి వీరవెంకటసత్యనారాయణగారు. సత్తిబాబుగారంటే గాని ఎవరికీ తెలియదు. మా పదకొండు ఇళ్ళలో ఆయనదీ ఒకటి. చెమటలు కక్కుతూ నన్ను చూసి చేతులు పట్టుకున్నాడు.

"శశిగారూ, మీరే రక్షించాలండి. రావులపాలెం నుంచి రావాల్సినాయన జ్వరమని ఇప్పుడు ఫోన్ చేశాడు. వంటంతా అయిపోయింది. రెండో భోక్త బుల్లిబాబుగారొక్కరే ఉన్నారు. మా నాన్న స్థానంలో మీరు కూచోవాలండి."

"నేనేంటండీ? నాన్నగారున్నారుగా!"

సత్తిబాబుగారు గొంతు తగ్గించాడు గాని, ఆయన తగ్గించినా పొలం గట్టుకి వినిపించే గొంతు. "అదేంటండీ, ఆయనకి సగమే పెట్టమని మీరేగా ఫోన్ చేసి చెప్పారు? మా అమ్మ సంగతి మీకు తెలీదు. ఆకులో ఒక్క గారె వదిలేసినా మా నాన్న ఆకలితో వెళ్ళిపోయారని ఏడాదంతా కుమిలిపోద్దండి."

తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల పీట కదిలిన చప్పుడైంది. నాన్నగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. సత్తిబాబుగారు నాలుక కరుచుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఎన్ని ఇళ్ళకి చేశావు?" అన్నారు నాన్నగారు.

"పదకొండండి."

ఆయన తలూపారు. లెక్క సరిపోయిందన్నట్టు ఊపారంతే. తిట్టి ఉంటే నేను కాళ్ళ మీద పడి ఉండేవాణ్ణి. "నువ్వింకా ఎంగిలి పడలేదుగా, వెళ్ళి స్నానం చెయ్యి. మడి పంచె దండెం మీదుంది. సత్తిబాబూ, నువ్వు పద. వీణ్ణి నేను వెంటబెట్టుకొస్తాను. వీడికి పద్ధతులు తెలియవు" అన్నారు.

అమ్మ అన్నం గిన్నెతో బయటికొచ్చేసరికి మేం వీధిలో ఉన్నాం. తద్దినం ఇంటికి వెళ్తున్నారు, అక్కడ తింటారు కదా అనుకుందట. పదకొండింటికి సూది వేసిన చేత్తోనే నేను పంచె కట్టుకున్నాను. ఆ సూది సంగతి నాకు గుర్తే లేదు. నా బుర్ర నిండా నా సిగ్గే ఉంది.

స్కూటీ తీయబోతే నాన్నగారు వద్దన్నారు. "నడుద్దాం. భోక్త నడిచి వెళ్ళాలి."

"అలా ఎక్కడుందండి?"

"ఎక్కడా లేదు. నేను నడిచే వెళ్ళేవాణ్ణి."

కాలవ గట్టు మీద రెండున్నర కిలోమీటర్లు. కాలికి కట్టుతో, హవాయి చెప్పులతో, ఆయన ముందూ నేను వెనకా. కొంతదూరం పోయాక ఆయనే మాట్లాడారు, నాతో కాదేమో అన్నట్టు.

"నువ్వు ఆ స్కూటీ కొనిపెట్టక ముందు అంబాజీపేట దాకా ఇలాగే పోయేవాణ్ణి. మధ్యాహ్నం తిని మళ్ళీ నడిచొచ్చేవాణ్ణి. ఇంటికొచ్చేసరికి మళ్ళీ ఆకలేసేది. భోక్త రాత్రికి అన్నం తినకూడదు కదా, నీళ్ళు తాగి పడుకునేవాణ్ణి. ఆ ఆకలి బావుండేదిరా."

నేను ఎండలో అక్కడే ఆగిపోయాను. పొద్దున్న లంఖణం, మధ్యాహ్నం కడుపారా భోజనం, పోను రాను నడక, రాత్రికి ఖాళీ కడుపు. నేను లక్షల ఏళ్ళ వెనక్కి వెళ్ళి వెతికి తెచ్చిన బతుకు ఆయన మొన్నమొన్నటి దాకా బతికారు. నడిచినన్నాళ్ళూ ఆయనకి ఏ జబ్బూ లేదు. ఉద్యోగం వచ్చిన కొత్తలో, నాన్నగారు ఎండలో కష్టపడుతున్నారని, మొదటి బోనస్‌తో స్కూటీ కొన్నది నేనే. ఆ తర్వాత సాయంత్రాలు ఇడ్లీ తినమని బలవంతపెట్టిందీ నేనే. తిండి అదే, గారెలు అవే. కాళ్ళకి పని పోయింది, కడుపుకి సెలవు పోయింది. ఈ ముక్క నెల కిందట తట్టి ఉంటే ఆ ఫోన్లు చేసేవాణ్ణి కాదు.

వంతెన దగ్గర నాన్నగారు పిట్టగోడ మీద కాసేపు కూర్చున్నారు. నుదుటి మీద చెమట. ఎండ కదా అనుకున్నాను.

సత్తిబాబుగారింట్లో కాళ్ళు కడిగారు. బుల్లిబాబుగారు ఒక ఆకు ముందు, నేను ఒక ఆకు ముందు కూర్చున్నాం. నాన్నగారు స్తంభానికి చేరగిలబడి, నాకు ఎదురుగా కూర్చున్నారు. భోజనం అయ్యేదాకా మాట్లాడకూడదు, ఎడమ చెయ్యి ఆకు మీద నుంచి తీయకూడదు, మధ్యలో లేవకూడదు. అంతవరకూ ఆయన నాకు దారిలోనే చెప్పారు. పురోహితుడు మంత్రం అందుకున్నాడు. సత్తిబాబుగారు వంగి వంగి వడ్డిస్తున్నాడు. అరటికాయ, కంద, పెసరపప్పు, దోసెడు నెయ్యి. వంటింటి గుమ్మంలో ఆయన తల్లి నాగరత్నంగారు, ఎనభై దాటిన మనిషి, గడప పట్టుకుని నిలబడి నా వైపే చూస్తోంది. నన్ను కాదు.

"ఆయనకి గారెలంటే ప్రాణంరా. ఇంకొకటి వెయ్యి."

వేశాడు. తిన్నాను.

"నెయ్యి పొయ్యరా. ఆఖరి నెలలో డాక్టర్లు నోరు కట్టేశారు. ఏం తినకుండానే పోయారు."

నాలుగో గారె పడింది. నాకు అప్పటికే గొంతు దాకా నిండింది. చెయ్యి అడ్డం పెడదామని లేపి, ఆవిడ మొహం చూసి దించేశాను. సగం వడ్డించండని ఎంత సులువుగా చెప్పాను! ఆ గుమ్మంలో ఆవిడ అలా నిలబడి ఉంటే ఎవడు సగం పెట్టగలడు, ఎవడు సగం తినగలడు? నలభై ఏళ్ళు నాన్నగారు మింగింది ఇదా అనిపించింది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే ఆయన వైపు చూశాను. ఉత్తరీయం జారిపోయింది, దాన్ని తీసుకోవడం లేదు. మొహమంతా నీళ్ళు పోసినట్టు చెమట. చేతివేళ్ళు వణుకుతున్నాయి. కళ్ళు నా మీదే ఉన్నాయి గాని, నన్ను గుర్తుపట్టడం లేదు. గోడ గడియారం రెండింటికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. సూది, అనుకున్నాను. పదకొండింటికి సూది వేసింది నేనే. తర్వాత మెతుకు లేదు. రెండున్నర కిలోమీటర్లు ఎండలో నడిచారు.

నేను కదిలాను. అంత మసకలోనూ ఆయన చెయ్యి లేచింది. లేవకు అన్నట్టు అరచెయ్యి నాకు అడ్డం పెట్టారు.

లేచాను. నా ఆకులోంచే పరమాన్నం గుప్పెడు తీసి, రెండడుగుల్లో వెళ్ళి ఆయన నోట్లో పెట్టాను. ఆయన పెదాలు బిగించేశారు. అది పోయినవాళ్ళకి పెట్టింది, నా ఎంగిలి, నేను లేచిపోయిన ఆకులోది. తెలివి సగం లేకపోయినా అది ఆయనకి తెలుసు. "మింగండి!" అని గట్టిగా అరిచాను. మంత్రం ఆగిపోయింది. దవడ నొక్కి పెట్టాను. ఒక ముద్ద దిగింది, ఇంకొకటి దిగింది. సత్తిబాబుగారు నేతి గిన్నెతో అలాగే నిలబడిపోయాడు.

"అయ్యో, ఆయన లేచిపోయారే!" అంది నాగరత్నంగారు. "సగం ఆకులోంచి లేచిపోయారే!"

పావుగంటకి నాన్నగారు మనుషుల్లో పడ్డారు. ముందు ఉత్తరీయం సర్దుకున్నారు. తర్వాత ఆవిడ వైపు తిరిగి చేతులు జోడించారు. "తప్పు మాదమ్మా. మళ్ళీ పెట్టించుకోండి. నేను మంచి భోక్తని చూసి పంపిస్తాను." ఆవిడ పైట నోట్లో కుక్కుకుని లోపలికెళ్ళిపోయింది. సత్తిబాబుగారు కార్లో మమ్మల్ని ఇంటి దగ్గర దింపాడు.

మర్నాడు డాక్టరు కట్టు విప్పి చూసి, "నడిచారా?" అంది. పుండు ఎముక దాకా వెళ్ళింది. సుగరు దిగింది గాని, వేలు నిలవదట. అమావాస్య వెళ్ళిన మూడోనాటికి ఆపరేషన్‌కి డేటు ఇచ్చింది. నాన్నగారు క్యాలెండర్లో ఆ అంకె చుట్టూ తనే సున్నా చుట్టుకున్నారు. నేను సూది వేయబోతే క్యాలెండర్ వైపు చూస్తూ చెయ్యి చాపేవారు.

అమావాస్యనాడు మా తాతగారికి పెట్టాలి. ఏనాడూ లేనిది మాకే భోక్త కరువయ్యాడు. బుల్లిబాబుగారు రెండిళ్ళలో ఒప్పుకున్నానన్నాడు. అది నిజమో, మా ఇంటికి రావడం ఇష్టంలేకో నాకు తెలియదు. ఆఖరికి ముక్తేశ్వరం నుంచి ప్రవీణ్ అనే కుర్ర అర్చకుడు మోటార్‌సైకిలు మీద వచ్చాడు. ముప్ఫై రెండేళ్ళుంటాయి. బొజ్జ మాత్రం యాభై ఏళ్ళది. దేవతల తరఫున కూచోవాల్సిన రెండో మనిషి దొరక్క ఆ స్థానంలో దర్భలు పెట్టారు.

నాన్నగారు కట్టు కట్టిన కాలు పక్కకి చాపి, వంగి, ఆ కుర్రాడి కాళ్ళు కడిగారు. వడ్డన ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళడం, గిన్నె తేవడం, వంగడం. రెండు గారెలు వేశారు, అవి అయ్యాక ఇంకో రెండు. పరమాన్నం పోశారు. మళ్ళీ గారెల పళ్ళెంతో వచ్చేసరికి ప్రవీణ్ కుడిచెయ్యి ఆకు మీద అడ్డంగా పెట్టేశాడు. భోక్త ఆకుకి చెయ్యి అడ్డం పెట్టడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. పురోహితుడు మంత్రం మధ్యలో తలెత్తాడు.

ప్రవీణ్ మౌనం కూడా వదిలేశాడు. "క్షమించండి బాబాయిగారూ. నాకూ సుగరండి. పోయినేడు బయటపడింది. ఎవరికీ చెప్పలేదండి, చెబితే పిలవరు." కుర్రాడు ఆకు మీది చెయ్యి మెల్లిగా తీశాడు. "మీరు వేయాలంటే వెయ్యండి, తినేస్తాను."

నాన్నగారు పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డారు. వంటింటి గుమ్మంలో అమ్మ, ఇటు గోడ పక్కన నేను చూస్తున్నాం. ఆ ఆకు ముందు ఆయన తండ్రి కూర్చుని ఉన్నాడు. తండ్రికి తక్కువ పెట్టడం ఆయన వల్ల కాదని నాకు తెలుసు. వేసేస్తారనే అనుకున్నాను.

ఆయన పళ్ళెం కింద పెట్టారు. స్తంభం పట్టుకుని, పుండు కాలు ముందుకి చాపి, మెల్లిగా ఆ కుర్రాడి పక్కన నేల మీద చతికిలబడ్డారు.

"నీకెంత సయిస్తే అంతే తిను నాయనా" అన్నారు. "మా నాన్న ఏమీ అనుకోడు."

ప్రవీణ్ తలొంచుకుని, మిగిలిన మజ్జిగన్నం మెల్లిగా కలుపుకున్నాడు. అమ్మ పైటతో మొహం తుడుచుకుంది. నేను వాకిట్లోకి వచ్చేశాను. లక్షల ఏళ్ళ కిందటి ముత్తాతల ఆకలి గురించి నాన్నగారికి గంటసేపు పాఠం చెప్పాను. పదకొండు ఇళ్ళకి ఫోన్ చేశాను. ఈ ఒక్క మాట ఆయన ఎదురుగా కూర్చుని చెప్పడం మాత్రం నాకు చేతకాలేదు.